ఒండ్రు ఎక్కువైతే వానలు ఎక్కువనా? గోదావరి మట్టి అలా చెప్పట్లేదు

నదుల చరిత్ర మీద ఎక్కడ చర్చ జరిగినా ఒక లెక్క తప్పకుండా వినిపిస్తుంది. మేట మందంగా ఉంటే వరదలెక్కువ, వరదలెక్కువంటే వానలెక్కువ, కాబట్టి అది పచ్చని కాలం. వినడానికి సొంపుగానే ఉంటుంది. గోదావరి దగ్గర మాత్రం ఈ లెక్క తలకిందులైంది.

2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ గోదావరి ముఖద్వారానికి ఎదురుగా బంగాళాఖాతంలో డ్రిల్లింగ్ చేసింది. వెతికింది గ్యాస్ కోసం. దాంతోపాటు 1,268 మీటర్ల నీటి అడుగు నుంచి మంచి బురద కోర్ కూడా, అంటే గొట్టంతో నిలువుగా తీసిన మట్టి కడ్డీ, బయటికొచ్చింది. దాని పై ఎనిమిదిన్నర మీటర్లలోనే సుమారు 11 వేల ఏళ్ల కథ ఉంది. అందులో రెండు సంగతులు వేర్వేరుగా కొలిచారు.

మొదటిది ఆకుల మీది మైనం. ఆకు కుళ్లిపోయినా ఆ మైనం వేల ఏళ్లు బురదలో నిలుస్తుంది. చెట్లు, వరి లాంటివి కార్బన్‌ను పట్టుకునే పద్ధతి వేరు. ఎండకు ఓర్చే గడ్డి, జొన్న, సజ్జల పద్ధతి వేరు. ఈ రెండో గుంపులో బరువైన కార్బన్-13 వాటా ఎక్కువగా ఉంటుంది. గోదావరి కోర్‌లో ఆ వాటా సుమారు 4,000 ఏళ్ల కిందట పెరగడం మొదలై, 1,700 ఏళ్ల కిందట ఇంకో మెట్టు ఎక్కింది. అంటే పరీవాహకం ఎండుతూ వచ్చింది.

రెండోది నియోడిమియం ఐసోటోపులు, అంటే రాళ్లలో ఉండే ఆ లోహంలోనే బరువు తేడా ఉన్న రకాలు. గోదావరి ఎగువన దక్కన్ లావా రాయి, వయసు 6.6 కోట్ల ఏళ్లు. దిగువన తూర్పు కనుమల వైపు ఉన్నవి వందల కోట్ల ఏళ్ల పాత రాళ్లు. రెండింటి నియోడిమియం నిష్పత్తులకు పోలికే లేదు, అందుకే బురద ఏ వైపు నుంచి వచ్చిందో పట్టేయొచ్చు. కోర్‌లో పైకి వచ్చేకొద్దీ దక్కన్ వాటా పెరిగింది, మేట పడే వేగమూ పెరిగింది. నేల ఎండినకొద్దీ మట్టి ఎక్కువ కొట్టుకొచ్చిందన్నమాట.

కారణం పొలం గట్టు మీద నిలబడితే అర్థమయ్యేదే. చెట్టు పలచబడితే చినుకు నేరుగా నేలను కొడుతుంది. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలిచ్చి, పైపొర గుల్లబారి ఉంటుంది. ఏడాది మొత్తం వాన తగ్గినా సరే, తొలకరిలో నాలుగు గట్టి వానలు పడితే ఆ పైపొర నదిలో ఉంటుంది. పైగా దక్కన్‌లో ఆ కాలం నుంచే సాగు విస్తరించింది. ఇందులో వాతావరణం వాటా ఎంత, నాగలి వాటా ఎంత అని మైనం ఒక్కటే తేల్చలేదు, ఎందుకంటే జొన్న చేనూ ఎండు గడ్డి బీడూ అందులో ఒకేలా కనిపిస్తాయి. ఆ మైనం కూడా కొన్ని వందల ఏళ్లు నేలలోనే ఉండిపోయి తర్వాత సముద్రం చేరి ఉండొచ్చు. ఇవేవీ చూడకుండా ఒక గీత పట్టుకుని "ఫలానా ఏడు కరువొచ్చింది" అని పోస్టు పెట్టేస్తే ఎలాగండీ?

ఇక డెల్టాకి వద్దాం. కోనసీమలోనో కొల్లేరు దగ్గరో బోరు వేస్తే గుల్లలు, నల్ల బంకమట్టి పడతాయి. వెంటనే "సముద్రం ఇక్కడిదాకా ఉండేది, తర్వాత వెనక్కి తగ్గింది" అనేస్తారు. ఉండేది నిజమే. తీరం జరగడానికి అసలు కారణం సముద్రం తగ్గడం మాత్రం కాదు. సుమారు 20 వేల ఏళ్ల కిందట ఇప్పటికన్నా 120 మీటర్లు కింద ఉన్న సముద్రం ఎక్కుతూ ఎక్కుతూ 7, 6 వేల ఏళ్ల కిందటికి దాదాపు ఇప్పటి మట్టానికి చేరింది. ఆ తర్వాత కృష్ణా గోదావరులే మేట వేసుకుంటూ తీరాన్ని ముందుకు నెట్టాయి. డెల్టాలో వరసలు వరసలుగా కనిపించే పాత ఇసుక దిబ్బలు ఆ నెట్టుడు మిగిల్చిన గట్లే. కొల్లేరు ఇవాళ తీరానికి సుమారు 35 కిలోమీటర్ల లోపల ఉంది గానీ, ఒకప్పుడది సముద్రం అంచున ఉన్న ఉప్పునీటి కయ్య. గుల్లలు ఎంత లోతులో దొరికితే అప్పటి సముద్రం అంత కింద ఉన్నట్టు కూడా కాదు. కింది బంకమట్టి నీరు పోయి అణగారుతుంది, దాంతో పై పొరలన్నీ కిందికి దిగుతాయి.

గుల్ల దొరికితే ముందు చూడాల్సింది రెండు చిప్పలూ మూసి జతగా ఉన్నాయా అని. జతగా ఉంటే ఆ జీవి బతికిన చోటే పాతుకుపోయిందని నమ్మొచ్చు. విడిపోయి అరిగిన చిప్పను అల ఎక్కడి నుంచో లాక్కొచ్చి ఉంటుంది. తర్వాత మట్టిని 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి ఫోరామినిఫెరా వెతకాలి, ఇవి ఉప్పునీటిలో బతికే ఏకకణ జీవుల సూక్ష్మమైన గుల్లలు. అవి కనబడకపోతే మంచినీటి మట్టి అని తేల్చేయకూడదు. అసలు పప్పులో కాలేసేది ఇక్కడే. ఉప్పుకయ్య బురదలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. ఒక్కసారి గాలి తగిలిందా, అది గంధకామ్లంగా మారి సున్నపు గుల్లలను కరిగించేస్తుంది. తీసిన రోజున ఉన్న ఫోరామినిఫెరా కొన్ని నెలలకు షెల్ఫులోనే మాయమవుతాయి, బదులుగా జిప్సం స్ఫటికాలు మెరుస్తుంటాయి. అందుకే కోర్‌ను గాలి చొరకుండా చుట్టి 4 డిగ్రీల చలిలో ఉంచాలి. మడ బురదలో ఇసుక రేణువులు అతికించుకుని గూడు కట్టే రకాలుంటాయి, ఆమ్లం వాటి జోలికి అంతగా పోదు కాబట్టి వాటినీ లెక్కపెట్టాలి. పుప్పొడిదీ ఇదే తంటా. రైజోఫోరా అనే మడ చెట్టు పుప్పొడి గాలికి దూరం పోతుంది, కాస్త కనిపించినంత మాత్రాన అక్కడ మడ అడవి ఉన్నట్టు కాదు. అవిసీనియా అనే ఇంకో మడ చెట్టుది పురుగులు మోసేది, అడవి నిండా ఉన్నా మట్టిలో తక్కువే పడుతుంది.

వయసు కట్టడంలో గోదావరికి ఒక సొంత తలనొప్పి ఉంది: సింగరేణి. నది బొగ్గు పొరల మీదుగా వస్తుంది, బొగ్గు నలుసులు బురదలో కలుస్తాయి. వయసు కట్టడానికి వాడే కార్బన్-14 కాలంతో తగ్గిపోతుంది, కోట్ల ఏళ్ల ఆ కార్బన్‌లో అది సున్నా. ముద్ద మట్టిని అలాగే ల్యాబుకు పంపితే, అందులోని కార్బన్‌లో నూటికి పది పాళ్లు బొగ్గుదైనా వయసు సుమారు 850 ఏళ్లు ఎక్కువ చూపిస్తుంది. విత్తనం, ఆకు, లేత కొమ్మ ముక్క ఏరి పంపడమే మేలు. సముద్రపు నీటిలోని కార్బన్ ముందే పాతబడి ఉంటుంది కాబట్టి, సముద్రపు చిప్పకైతే సుమారు 400 ఏళ్ల రిజర్వాయర్ సవరణ ఉండనే ఉంది. ఇసుకకు ఓఎస్ఎల్ పద్ధతి, అంటే రేణువుకు చివరిసారి వెలుగు తగిలి ఎంత కాలమైందో కొలిచేది, బాగుంటుంది గానీ, బురద వరదలో వెలుగు సరిగా తగలని రేణువు తన పాత లెక్కను మోసుకొస్తుంది, వయసు ఎక్కువ వస్తుంది.

రోటరీ బోరు బురద దేనికీ పనికిరాదు, పైదీ కిందదీ కలిసిపోతుంది. కానీ డెల్టాలో రొయ్యల చెరువు తవ్వినప్పుడల్లా, ఇసుక రేవులో పొక్లెయిన్ దిగినప్పుడల్లా శుభ్రమైన గోడ ఒకటి తెరుచుకుంటుంది, మళ్లీ వానాకాలానికి పూడిపోతుంది. ఆ నాలుగు రోజుల్లో దాన్ని ఎవరూ చూడట్లేదన్నదే నా కోపం. గోడను కరణితో గీకి, టేపు వేలాడదీసి ఫొటో తీయడానికి పది నిమిషాలు చాలు. ఇసుక పొర కనిపిస్తే ఒక చివర మూసిన ఇనుప గొట్టం దించి, బయటికి తీసిన వెంటనే రెండో చివరకూ నల్ల టేపు చుట్టాలి. బంకమట్టిని ముద్దగా కోసి గాలి లేకుండా కవరులో కట్టాలి. నేలమట్టం నుంచి ఎన్ని సెంటీమీటర్ల లోతో, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గరో, ఏది పైవైపో కవరు మీద రాయాలి. చెరిగిపోని పెన్నుతో రాయండి, ఆ మట్టి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది.