గుండూ హెల్మెట్టూ సెక్షన్ 130

పోయిన శనివారం కొండమీద గుండు కొట్టించుకొని కిందికి దిగాను. మొక్కు మా ఆవిడది, తల నాది. కల్యాణకట్టలో జుట్టుతోపాటు ఇంటర్ రోజుల నుంచి పెంచుకున్న మీసం కూడా పోయింది. ఆవిడా పిల్లాడూ ఆటోలో ఇంటికి వెళ్లిపోయారు, నేనూ మా మామా అలిపిరిలో పెట్టిన బండి తీసుకొని బయల్దేరాం.

హెల్మెట్ పెట్టుకోలేదా అంటే, పెట్టుకున్నానండీ. కాకపోతే అది జుట్టున్నప్పుడు కొలిచి కొన్న హెల్మెట్. ఇప్పుడు గుండు మీద బోర్లించిన చెంబులా గిరగిరా తిరుగుతోంది, పైగా చందనం ఇంకా ఆరలేదు, మొదటి స్పీడ్ బ్రేకర్‌కే జారి ముక్కు మీదికొచ్చి కూర్చుంది. దారి కనపడకుండా పోవడంకన్నా ఇదే మేలని తీసి అద్దానికి తగిలించాను. వెనక కూర్చున్న మామకైతే అసలు హెల్మెట్టే లేదు.

మామ గురించి ఒక మాట చెప్పాలి. చిత్తూరులో చక్కెర ఫ్యాక్టరీలో లెక్కలు రాసి రిటైరయ్యాడు గానీ, మనసంతా కోర్టులోనే. వాట్సాప్‌లో వచ్చే ‘మీ హక్కులు తెలుసుకోండి’ వీడియోలన్నీ ఆయనకు కంఠతా. కపిలతీర్థం దాటాక రోడ్డు పక్కన పోలీసులు కనపడగానే నా భుజం మీద తట్టి, “అల్లుడూ, భయపడొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉంటేనే లైసెన్సు అడగాలి. తాళం మాత్రం ఇవ్వొద్దు, చట్టంలో అట్లా ఎక్కడా లేదు” అన్నాడు.

కానిస్టేబుల్ చెయ్యెత్తాడు, నేను ఆపాను. ఆపీ ఆపగానే, టెన్షన్‌లో నాకేమైందో తెలీదు, ఆయన నోరు తెరవకముందే బండి తాళం పీకి ఆయన చేతిలో పెట్టాను.

“నాకెందుకు సామీ ఇది?” అని వెనక్కిచ్చేశాడు.

మామ నావైపు చూసిన చూపు మా పెళ్లిలో కూడా చూడలేదు.

“లైసెన్సు?” అన్నాడు కానిస్టేబుల్. యూనిఫాం ఉంది, పేరు రాసిన బిళ్ల ఉంది, మాట మర్యాదగా ఉంది. మామ కాసేపు వెతికాడు గానీ పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. చివరికి, “డిజీలాకర్‌లో ఉంది. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 139. ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోవాల్సిందే” అన్నాడు. “ఒప్పుకోకుండా ఎట్లా సామీ, చూపించండి” అన్నాడు ఆయన.

ఫోన్ తీసి మొహం ముందు పెట్టాను. తెరుచుకోలేదు. కళ్లు పెద్దవి చేశాను, నవ్వాను, మూతి ముడిచాను. ఊహూఁ. పదహారేళ్ల కిందట లైసెన్సు ఫోటోకి ఎట్లా బిగుసుకొని కూర్చున్నానో అట్లాగే బిగుసుకున్నా లాభం లేదు. పిన్ కొడదామంటే, పిల్లాడు గేములు ఆడుతున్నాడని పోయిన వారమే మార్చాను, వాడికి తెలియకూడదని ఎంత జాగ్రత్తపడ్డానంటే నాకూ గుర్తులేకుండా పోయింది. ఐదుసార్లు తప్పు కొట్టాక ఫోన్ బుద్ధిగా ముప్పై సెకన్లు ఆగమంది. మామ ఫోన్‌తో ఆవిడకు చేసి అడుగుదామా అంటే, దర్శనానికి ముందు ఎలాగూ డిపాజిట్ చెయ్యాలి కదాని ఆయన దాన్ని ఇంట్లోనే పెట్టొచ్చాడు.

ఈలోగా మామ వాదన మొదలైంది. “సెక్షన్ 129లోనే తలపాగా కట్టిన సిక్కులకు హెల్మెట్ మినహాయింపు ఉంది. చందనం పూసిన గుండు మీద హెల్మెట్ పెట్టమంటే ఎట్లా?”

“గుండుకు మినహాయింపు ఇస్తే తిరుపతిలో ఇంక హెల్మెట్ పెట్టేదెవరు సామీ?” అన్నాడు కానిస్టేబుల్. నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. మామ తగ్గలేదు. “సరే, నేను వెనక కూర్చున్నవాణ్ణి కదా?” అన్నాడు. “వెనకైనా ముందైనా నాలుగేళ్లు దాటినవాళ్లంతా పెట్టుకోవాలి. మీకు దాటే ఉంటాయి కదా?”

పక్కన ఆపిన ఇద్దరు కుర్రాళ్లు తమ చలానా సంగతి మరిచిపోయి నవ్వడం మొదలుపెట్టారు.

నేను ఫోన్‌ని బతిమాలుతూనే ఉన్నాను. తిరుపతిలో రోజూ వేల గుండ్లు చూసే మనిషి కాబట్టి నేను దొంగను కాదని పోలీసు చూడగానే నమ్మేశాడు. రెండేళ్లుగా జేబులో మోస్తున్న ఫోన్ మాత్రం నన్నెరగనంటోంది. ఆయనకే జాలేసినట్టుంది, “సామీ, ఒకసారి ఆ హెల్మెట్ పెట్టుకొని చూడండి” అన్నాడు.

పెట్టుకున్నాను, జారకుండా మామ వెనక నుంచి పట్టుకున్నాడు. ఫోన్ టక్కున తెరుచుకుంది! ఆఫీసు గేటు దగ్గర రోజూ హెల్మెట్ తీయకుండానే ఫోన్ చూసుకునే అలవాటు నాది, అది గుర్తుపెట్టుకున్నది ఆ అవతారాన్నేమో.

లైసెన్సు చూశాడు, ఆర్సీ చూశాడు, ఇన్సూరెన్స్ చూశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. “ఇప్పుడు హెల్మెట్ తీయండి” అన్నాడు. ఎందుకంటే, ఫోటోకట. తీశాను. ఎండలో గుండు తళతళలాడింది, ఆయన ఒక అడుగు వెనక్కి వేసి మరీ తీశాడు.

మామ మెల్లగా, “ఎంత?” అన్నాడు.

“వెయ్యి.”

“2019కి ముందు వందే కదయ్యా!”

“అప్పుడే గుండు కొట్టించుకోవాల్సింది సామీ.”

ఒక చేత్తో హెల్మెట్ పట్టుకొని బండి నడపలేను కాబట్టి మామ భుజం మీది తువ్వాలు తీసి నా గుండుకు చుట్టి, దాని మీద హెల్మెట్ బిగించాడు. మామకు హెల్మెట్ లేదు గనక ఆటో ఎక్కించాను. ఆటో కదులుతుండగా కూడా తల బయటపెట్టి, రశీదు అడిగి తీసుకోమని అరుస్తున్నాడు. అంతలో నా జేబులో ఫోన్ టింగుమంది. తీసి చూస్తే చలానా మెసేజ్. దాన్ని చూపించడానికి మాత్రం ఫోన్ నా మొహం అడగలేదు.