మా సాయంత్రం పొగ సగటులో ఎక్కడుంది?

గాలి నాణ్యత సూచీ అంకె ప్రకారం విజయనగరం గాలి ‘సంతృప్తికరం’ అని మీ వ్యాసంలో చదివి ఒకసారి నా చొక్కా కాలరు చూసుకున్నాను. రోజూ గంటస్తంభం మీదుగా బండి మీద తిరిగేవాణ్ణి లెండి.

అంకె తప్పని అనను. కానీ అది 24 గంటల సగటు. తెల్లవారుజామున ఎవరూ తిరగని వేళ ఉండే గాలీ, సాయంత్రం ఏడింటికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు వెనక మేం పీల్చే గాలీ అందులో కలిసిపోతాయి. చేత్తో కొలిచే చోట గాలిని వడపోత కాగితం గుండా లాగి, ఆ కాగితాన్ని ధూళి పట్టకముందూ పట్టాకా తూకం వేస్తారు. అదీ వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 సార్లు. మిగతా రోజుల సంగతి?

పీఎం 10కి (గాలిలో తేలే, 10 మైక్రాన్లకు మించని ధూళి కణాలు) మన దేశంలో రోజు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, అంతకన్నా సన్నని పీఎం 2.5కి 60. మా వీధిలో తవ్వి వదిలేసిన రోడ్డు, పట్టా కప్పని ఇసుక ట్రాక్టర్లు మొదటిదాన్ని పెంచే పని చూసుకుంటాయి. చలికాలంలో పైన వెచ్చటి గాలి మూతలా నిలబడి పొగని పైకి పోనివ్వదు. సరిగ్గా అప్పుడే, పొద్దున్నే ఊడ్చిన చెత్తకి ప్లాస్టిక్‌తో సహా అగ్గిపుల్ల గీసేస్తారు. మా అమ్మకి దగ్గు మొదలయ్యేదీ అప్పుడే.

గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల కోసం కేంద్రం పెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో మనమూ, శ్రీకాకుళమూ ఉన్నాం. ఈసారి రాస్తే గంటగంటకీ అంకెలు ఇవ్వండి, గాలిని కొలిచే యంత్రం ఏ మేడ మీద ఉందో కూడా.