నటనే కదా అంటారా?

అమెరికా కాలేజీల ఫ్రాటర్నిటీల్లో (మగపిల్లలు ఒకే ఇంట్లో ఉంటూ నడుపుకునే విద్యార్థి సంఘాల్లో) జరిగే ర్యాగింగ్‌పై 1998లో వచ్చిన ‘ఫ్రాట్ హౌస్’ డాక్యుమెంటరీ ప్రస్తావన తెస్తే చాలు, ‘అవన్నీ నటించిన సన్నివేశాలట కదా’ అంటారు. ఆ ఆరోపణలతోనే హెచ్‌బీఓ టీవీ చానల్ దాన్ని ప్రసారం చేయలేదు. దర్శకులు కాదన్నారు. నిలదీయవలసిందే, ఒప్పుకుంటాను. కానీ అంతటితో చేతులు దులుపుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

2017లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో, ఒక ఫ్రాటర్నిటీ ఇంట్లో జరిగింది నటన కాదే! కొత్తగా చేరిన 19 ఏళ్ల కుర్రవాడికి వరసగా మద్యం పట్టించారు. మెట్ల మీద నుంచి పడ్డాడు. మోసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టారు. దాదాపు 12 గంటలు అంబులెన్సును పిలవలేదు. ఆ ఇంటి సీసీ కెమెరాలే ఇదంతా చూపించాయి. పిల్లవాడు దక్కలేదు.

అయినా ‘మగపిల్లలన్నాక ఆ మాత్రం ఉంటుంది’ అంటారు. ఆ మాట అతని తల్లి ఎదుట అనగలరా?