అంబులెన్స్ వచ్చేలోపు

గుండె ఆగి కుప్పకూలిన మనిషికి ఛాతీ నొక్కకుండా, గుండెకు విద్యుత్ షాక్ ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. సాయంత్రం వేళ విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ట్రాఫిక్‌లో బస్టాండుకు వెళ్లిన ఎవరికైనా ఇది ఎంత భయంకరమైన లెక్కో అర్థమవుతుంది.

ఇలాంటి మరణం జరిగినప్పుడల్లా అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ అంబులెన్సులు పెంచాలన్న డిమాండ్ వస్తుంది. న్యాయమైన డిమాండే. గొంతులో గొట్టం వేయడం, అడ్రినలిన్ ఎక్కించడం తెలిసిన సిబ్బంది నగరానికి కావాలి. అయితే కెనడాలోని ఒంటారియోలో 17 నగరాల అనుభవం కూడా చూడాలి. త్వరగా షాక్ ఇచ్చే ఏర్పాటు అప్పటికే ఉన్న ఆ నగరాల్లో ఈ చికిత్సలనూ అదనంగా చేర్చారు. ప్రాణాలతో ఇంటికెళ్లినవారు అంతకుముందు 5.0 శాతం, ఆ తర్వాత 5.1 శాతం అని 2004లో తేలింది. పక్కనున్నవారు వెంటనే ఛాతీ నొక్కినవారిలో, త్వరగా షాక్ అందినవారిలో మాత్రం బతికే అవకాశం మూడు రెట్లకు పైగా కనిపించింది.

మన దగ్గర పక్కనున్నవారు ఏం చేస్తున్నారు? మొహాన నీళ్లు చల్లుతారు, చేతిలో తాళాలు పెడతారు, ఆటో ఎక్కిస్తారు. వారిని తప్పు పట్టలేం, ఎవరూ నేర్పలేదు. పిలిస్తే పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఎగశ్వాసను ఊపిరి అనుకుని ఆగిపోకూడదు. ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఆనించి, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 108లో ఫోన్ ఎత్తినవారు లైన్‌లోనే ఉండి ఇది చేయించాలి.

పండిట్ నెహ్రూ బస్టాండు, రైల్వే స్టేషన్, ఇంద్రకీలాద్రి, గుంటూరు బస్టాండుల్లో షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాలు అందరికీ కనిపించే చోట ఉండాలి. వాటిని వాడటానికి డాక్టరే అక్కర్లేదు. ప్యాడ్లు ఎక్కడ అంటించాలో యంత్రమే చెబుతుంది, అవసరమైతేనే షాక్ ఇస్తుంది. కొనేటప్పుడు తెలుగులో మాట్లాడేవే కొనాలి. మూలా నక్షత్రం రోజు లక్షల మంది కొండెక్కుతారు. దసరా డ్యూటీకి వచ్చే పోలీసులకూ సేవకులకూ ముందే శిక్షణ ఇవ్వాలి.

పక్కటెముక విరిగితే కేసు మన మీదకొస్తుందేమో అన్న టెన్షన్ కూడా చాలామందిని వెనక్కి లాగుతోంది. రోడ్డు ప్రమాద బాధితులకు సాయపడినవారికి మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. బస్టాండులో గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కినవారికీ అలాంటి రక్షణ కల్పిస్తూ రాష్ట్ర ప్రభుత్వం చట్టం తేవాలి.