నిలబడితే పది, కదిలితే ఐదు

రైల్వే వారి ధరల పట్టికను భక్తిశ్రద్ధలతో పారాయణం చేసిన ఏ పౌరుడికైనా ఒక మహాసత్యం బోధపడక మానదు. ప్లాట్‌ఫారం టికెట్టు పది రూపాయలు, జంటనగరాల్లోనూ శివార్లలోనూ తిరిగే ఎంఎంటీఎస్ లోకల్ రైలులో కనీస ఛార్జీ ఐదు రూపాయలు. అంటే అత్తగారిని రైలెక్కించడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కు వచ్చిన అల్లుడు ఆవిడ సామాను అందించి, చెయ్యి ఊపి, ఎక్కడికీ కదలకుండా నిలబడినందుకు పది రూపాయలు చెల్లించుకోవాలి. అదే అల్లుడు చెయ్యి ఊపడం మానేసి తాను సీతాఫల్‌మండికి వెళ్లిపోతే ఐదు రూపాయలతో బయటపడతాడు. దీన్ని అధికారుల పరాకు అనుకునే తొందరపాటు మనుషులు కొందరున్నారు. నాకు వారితో ఏకీభావం లేదు. కదలడం కంటే నిలబడడం రెండింతలు విలువైన సేవ అనే లోతైన ఆర్థిక సిద్ధాంతం ఈ రెండు అంకెల మధ్య దాగి ఉన్నదనీ, రైల్వే వారు వినయం కొద్దీ దాన్ని ఇంతవరకు చాటుకోలేదనీ నా నిశ్చితాభిప్రాయం.

లెక్క చూడండి. ప్లాట్‌ఫారం టికెట్టు రెండు గంటలు చెల్లుతుంది కాబట్టి నిలబడడానికి గంటకు ఐదు రూపాయలు పడినట్టు. ఇప్పుడు ఐదు రూపాయల ఎంఎంటీఎస్ టికెట్టు కొన్న ప్రయాణికుడు, రైలు ఆలస్యమైన కారణంగా ఒక గంట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడనుకుందాం. అతడు చెల్లించిన ఐదు రూపాయలూ ఆ నిలబడడంలోనే చెల్లిపోయాయి. ఆ తర్వాత రైలు వస్తే, ఎక్కడానికి చోటు దొరికితే, అతడు చేసే ప్రయాణమంతా పూర్తిగా ఉచితం. రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించి అంత పేరు తెచ్చుకున్నది కదా, ఆడ మగ భేదం లేకుండా, ఆధార్ కార్డు అడగకుండా, కేవలం ఆలస్యం అనే ఒక్క ఉపాయంతో అదే మేలు చేస్తున్న రైల్వేకు మాత్రం ఒక్క సన్మానం కూడా జరగలేదు. ఇంకో అరగంట ఎక్కువ నిలబడ్డవాడు నిజానికి రైల్వేకు రెండున్నర రూపాయలు బాకీ పడతాడు. ఆ బాకీని అధికారులు పెద్దమనసుతో వదిలేస్తున్నారు.

అయితే ఏ గొప్ప సిద్ధాంతానికైనా దాన్ని వాడుకునే గడుసువారు ఉంటారు. బంధువులను సాగనంపడానికి వచ్చి, పది పెట్టి ప్లాట్‌ఫారం టికెట్టు కొనడమెందుకని ఐదు పెట్టి ఎంఎంటీఎస్ టికెట్టు కొనుక్కుని దర్జాగా లోపలికి వెళ్లేవారు జంటనగరాల్లో తక్కువేమీ కాదు. 2022 సంక్రాంతి రద్దీకి సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫారం టికెట్టును 50 రూపాయలు చేసినప్పుడు ఈ తెలివికి గిరాకీ ఎంత పెరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ లెక్కన నిలబడడం ప్రయాణానికి పదింతలు ఖరీదు. శివారు ప్రయాణికుల సంఖ్య తగ్గుతున్నదని బాధపడే అధికారులు ఏడాది పొడవునా ఆ 50 రూపాయల ధరనే ఉంచితే చాలు, ఎంఎంటీఎస్ టికెట్ల అమ్మకం రైలు ఒక్కటీ అదనంగా నడపకుండానే ఆకాశాన్నంటుంది.

ఇక టికెట్టు ఆయుష్షు సంగతి. శివారు రైలు టికెట్టు కొన్న గంటలోపు ప్రయాణం మొదలుపెట్టాలన్నది నిబంధన. క్రమశిక్షణ నేర్పే నిబంధనే, కాదనను. కానీ మేడ్చల్ మార్గంలో పగటిపూట రైలుకూ రైలుకూ మధ్య గంటకు మించిన ఎడం ఉంటుంది. నిర్వహణ పనుల దృష్ట్యా ఫలానా సర్వీసులు రద్దు అనే ప్రకటన వెలువడిన రోజున ఆ ఎడం ఇంకా సాగుతుంది. గంటలోపు బయలుదేరవలసిన బాధ్యత ప్రయాణికుడిది, గంటలోపు రావలసిన బాధ్యత రైలుది కాదు. ఒప్పందమన్నాక ఒక పక్షమైనా మాట మీద నిలబడాలి గనుక ఆ భారాన్ని, నిలబడడంలో ఎటూ అనుభవమున్న ప్రయాణికుడి మీదే ఉంచారు.

టికెట్టు కొనడం కూడా ఈ మధ్య ఎంతో సులువైందని ప్రకటనలు చెబుతున్నాయి. యూటీఎస్ యాప్ వచ్చింది, 2025 జులై 1న రైల్‌వన్ యాప్ వచ్చింది. కాగితం లేని టికెట్టు తీసుకోవాలంటే మాత్రం పట్టాలకు మరీ దగ్గరగా ఉండకూడదు. తనిఖీ అధికారి కనబడగానే టికెట్టు కొనే దొంగబుద్ధిని అరికట్టడానికి పెట్టిన ఏర్పాటిది. దాని వైభవం చూడాలంటే ఉదయం వేళ హైటెక్ సిటీ స్టేషన్ బయట కాసేపు నిలబడాలి. మెడలో కంపెనీ ట్యాగు వేలాడుతున్న యువకుడు స్టేషన్ మెట్ల దాకా వచ్చి ఫోను తీస్తాడు. మీరు స్టేషన్ పరిధిలో ఉన్నారు పొమ్మంటుంది ఫోను. అతడు వెనక్కి నాలుగడుగులు వేసి మళ్లీ నొక్కుతాడు, ఫోను మళ్లీ కాదంటుంది. షేర్ ఆటోవాళ్లు గిరాకీ దొరికిందనుకుని చుట్టూ మూగుతారు. వాళ్లను తప్పించుకుంటూ, ఆకాశంలోని ఉపగ్రహానికి కనబడేలా చెయ్యి పైకెత్తి, రోడ్డు దాకా వెనకడుగు వేశాక టికెట్టు వస్తుంది. సరిగ్గా అప్పుడే రైలు కూత వినిపిస్తుంది. గోడ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే స్టేషన్‌లోనే టికెట్టు వస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. వస్తుంది. ఆ కోడ్ ఎక్కడ అంటించారో తెలిసిన మనిషి పక్కన ఉండాలి, అంతే.

యాప్ వద్దనుకునేవారికి ఆటోమేటిక్ యంత్రాలున్నాయి. మనిషి అవసరం లేకుండా టికెట్టు ఇచ్చే యంత్రాన్ని పెట్టి, దాని ముందు టికెట్లు తీసిపెట్టడానికి కమీషన్ మీద ఒక మనిషిని నియమించడం ఉపాధి కల్పనలో కొత్త అధ్యాయం. తరచుగా ఆ మనిషి రైల్వేలోనే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన కావడం వల్ల వరుస చకచకా కదులుతుంది. యంత్రం మానేసి ఆయననే నేరుగా కౌంటర్‌లో కూర్చోబెడితే ఇంకా వేగంగా కదులుతుందేమో గానీ, అప్పుడు ఆధునికీకరణ జరిగినట్టు ఉండదు.

తరగతుల విషయంలో రైల్వే చూపిన ఔదార్యాన్ని కూడా మరువరాదు. 2022 మే 5 నుంచి ఎంఎంటీఎస్ మొదటి తరగతి ఛార్జీని సగానికి సగం తగ్గించారు. రద్దీ వేళ మొదటి తరగతికీ రెండో తరగతికీ మెత్తని సీటు ఒక్కటే తేడా, ఆ సీటు కూడా ఎవరో ఒకరు కూర్చున్న స్థితిలోనే దర్శనమిస్తుంది. తెలియక అందులో ఎక్కిన రెండో తరగతి ప్రయాణికుడు తనిఖీలో దొరికితే ఛార్జీ తేడాతో పాటు కనీసం 250 రూపాయలు అపరాధ రుసుము కట్టాలి. కనీస ఛార్జీ లెక్కన అది యాభై ప్రయాణాల పెట్టు. తమ ఆదాయంలో ఏ భాగం టికెట్ల నుంచి వస్తున్నదో, ఏ భాగం తప్పుల నుంచి వస్తున్నదో రైల్వే వారు విడిగా ప్రచురిస్తే నాలాంటి పరిశోధకులకు ఉపకారం చేసినవారవుతారు.

పేదవాడిని మరిచారని అనడానికి కూడా వీల్లేదు. 2009లో ఇజ్జత్ పేరుతో 25 రూపాయల నెలవారీ పాసు తెచ్చారు. నెలకు 1500 రూపాయలకు మించి సంపాదించని అసంఘటిత కార్మికుడు దానికి అర్హుడు, అంటే రోజుకు యాభై. ఆ అర్హతను జిల్లా కలెక్టరో పార్లమెంటు సభ్యుడో ధ్రువీకరించాలి. రోజుకు యాభై సంపాదించే మనిషి ఒక రోజు కూలి వదులుకుని ఎంపీ గారి ఇంటి ముందు నిలబడితే పాసు ఖరీదుకు రెండింతలు అక్కడే పోతుంది. నిలబడడం ప్రయాణానికి రెండింతలు ఖరీదన్న మన సూత్రం ఇక్కడ కూడా పొల్లు పోలేదని పాఠకులు గమనించే ఉంటారు.

ఇంతకీ ప్రయాణికులు అడుగుతున్నదేమిటి? ఛార్జీ తగ్గించమని కాదు. 2025 జులైలో దూరప్రయాణపు ఛార్జీలను సవరించినప్పుడు కూడా శివారు టికెట్లనూ సీజన్ టికెట్లనూ ముట్టుకోలేదు. ఐదుకు బదులు ఎనిమిది తీసుకోండి, వేళకు రైలు పంపండి అనే వింత కోరిక మాత్రం రైలు పెట్టెల్లో అప్పుడప్పుడూ వినిపిస్తుంది. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్‌కు రెండో దశ 2012 ప్రాంతంలో మంజూరై, మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలని పంచుకున్న తర్వాత, సనత్‌నగర్ మౌలాలి మార్గం తెరుచుకునేసరికి 2024 మార్చి వచ్చింది. అంతకాలం ఓపిక పట్టినవారికి ఇప్పుడు తొందర ఎందుకో అర్థం కాదు.

ఇంకో కోరిక మరీ విడ్డూరమైనది. ఎంఎంటీఎస్‌కూ మెట్రోకూ ఆర్టీసీకీ కలిపి ఒకే టికెట్టు కావాలట. బేగంపేట, ఖైరతాబాద్, మలక్‌పేట పేర్లతో ఇటు రైల్వేకూ అటు మెట్రోకూ స్టేషన్లున్నాయి, పేరు కలిసినంత మాత్రాన టికెట్టు కలవాలని ఎక్కడుంది? లింగంపల్లి నుంచి ఐదో పదో పెట్టి బేగంపేట చేరినవాడు మెట్ల మీదుగా దిగి, రోడ్డు దాటి, మళ్లీ మెట్లెక్కి, సంచి మరోసారి తనిఖీ చేయించుకుని మెట్రో టికెట్టు కొనడంలో ఉన్న వ్యాయామాన్ని ఏ కార్డు ఇవ్వగలదు? పైగా మెట్రో ఛార్జీలు రైల్వే ఛార్జీల్లా నిద్రపోవు. 2025 మే 17న కనీసం 10 నుంచి 12కు, గరిష్ఠం 60 నుంచి 75కు పెంచి, వారం తిరిగేసరికి పది శాతం తగ్గించారు. దేశమంతటికీ ఒకే కార్డు అని 2019 మార్చిలో ప్రధాని చేతుల మీదుగా ప్రారంభించిన పథకం ఉండనే ఉంది. దేశమంతటికీ అన్నారు గానీ బేగంపేటలో రోడ్డుకు ఇరువైపులా అని ఎవరూ అనలేదు.

కనుక నా ప్రతిపాదన ఇది. ఉన్న విధానాన్నే ఉన్నదున్నట్టు చట్టబద్ధం చేయాలి. టికెట్టు మీద ఛార్జీని "నిలబడినందుకు" అని స్పష్టంగా ముద్రించి, ప్రయాణాన్ని బహుమానంగా ప్రకటించాలి, అప్పుడు రైలు రాలేదని ఫిర్యాదు చేసే హక్కు ఎవరికీ మిగలదు. దీని మీద అభ్యంతరాలున్న ప్రయాణికులు తమ అర్జీలను రైల్ నిలయంలో ఒకటి, మెట్రో కార్యాలయంలో ఒకటి, బస్ భవన్‌లో ఒకటి విడివిడిగా సమర్పించాలి. ఒకచోట ఇచ్చిన రశీదు మరోచోట చెల్లదు.