బెల్టు తీసి విందామా, సెట్టు మార్చేద్దామా

ఎదుట ఉన్నది హైడ్రాలిక్ పవర్ స్టీరింగున్న పాత డీజిల్ బండి. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్ ముందున్న ఒకే బెల్టు స్టీరింగ్ ఆయిల్ పంపుని, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని, ఏసీ కంప్రెసర్‌ని తిప్పుతుంది. ఆ బెల్టుని బిగువుగా ఉంచే స్ప్రింగు చెయ్యి టెన్షనర్, దాన్ని దారిలో నిలిపే ఉత్త పుల్లీ ఐడ్లర్. ఐడ్లింగ్‌లో బానెట్ కింద గలగల వస్తోంది, నిలబెట్టిన చోటే స్టీరింగ్ తిప్పితే పెరుగుతోంది. కొండయ్య విజయవాడ ఆటోనగర్ మేస్త్రి. ఫణి సర్వీసు సెంటర్లో సూపర్‌వైజరు. రోగం ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది, పేచీ అంతా దాన్ని పట్టుకునే దారి దగ్గరే.

ఫణి: బాబాయ్, లక్ష దాటిన బండికి ఇంత ఆలోచన దేనికి? బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ మూడూ సెట్టుగా మార్చేద్దాం. ఒక్కోటీ వెతుక్కుంటూ పోతే ఒకే బెల్టుని మూడుసార్లు విప్పాలి, కస్టమర్‌కి మూడుసార్లు లేబర్ పడుతుంది.

కొండయ్య: మూడూ మార్చాక కూడా గలగల అలాగే ఉందనుకో. అప్పుడు ఏం చెప్తావు?

ఫణి: అలా అరుదుగా జరుగుతుంది.

కొండయ్య: అంత అరుదేం కాదబ్బాయ్. ముందు మోత ఏ రకమో చెప్పు. బెల్టు జారితే కీచుమని కూత పెడుతుంది. పుల్లీలు ఒక వరసలో లేకపోతే పిచ్చుకలా కిచకిచమంటుంది. స్టీరింగ్ ఆయిల్లో గాలి చేరితే మూలుగుతుంది. ఇది ఆ మూడింట్లో ఒకటి కాదు, గలగల. అంటే ఎక్కడో ఇనుము ఇనుముని కొడుతోంది. రబ్బరు బెల్టు తనంతట తాను గలగలమనదు.

ఫణి: బెల్టు అనదు, నిజమే. టెన్షనర్ అంటుందిగా! లోపలి డ్యాంపింగ్ ముక్క అరిగిపోతే చెయ్యి ఐడ్లింగ్‌లో పైకీ కిందకీ కొట్టుకుంటుంది. స్టాపర్‌కి తగిలిందంటే వచ్చేది ఈ మోతే. చూడు, ఇప్పుడే ఊగుతోంది.

కొండయ్య: ఊగుతోంది, కాదనను. అది తన జబ్బుతో ఊగుతోందా, ఇంకొకడు ఊపితే ఊగుతోందా? ఆల్టర్నేటర్‌కి క్లచ్ పుల్లీ ఉందనుకో. అది ఒక వైపు పట్టుకుని ఇంకో వైపు వదలాలి. పట్టేసి రెండు వైపులా బిగుసుకుంటే ఇంజన్ కొట్టే ప్రతి దెబ్బా బెల్టు మీదుగా వచ్చి టెన్షనర్‌ని తంతుంది. కొత్త టెన్షనర్ వేసినా అదే గతి, కొన్ని నెలలకు మళ్లీ ఇదే మోత.

ఫణి: ఆ పుల్లీ చూడాలంటే ముందు మూత తీయాలి, దానికి వేరే పళ్ల టూల్ కావాలి.

కొండయ్య: ఉంటే మంచిదే. లేకపోయినా అనుమానం తేల్చుకోవచ్చు. ఇంజన్ రెండు, రెండున్నర వేల ఆర్‌పీఎమ్‌కి లేపి ఒక్కసారిగా ఆపెయ్యి. బెల్టు ఆగాక కూడా ఆల్టర్నేటర్ ఒకట్రెండు సెకన్లు జూమ్మని తిరగాలి. ఆ శబ్దం అసలు రాకపోతే క్లచ్ పట్టేసిందేమో అని చూడాలి. గరగరమంటూ వస్తే బేరింగు పోతున్నట్టు. మామూలు పుల్లీ అయితే ఈ పరీక్ష పనికిరాదు, అందుకే ఏ పుల్లీ ఉందో ముందు చూసుకోవాలి.

ఫణి: సరే, మరి నువ్వు ఎక్కడ మొదలుపెడతావు?

కొండయ్య: ఇంజన్ ఆపి. నవ్వకు! తాళం పెట్టి స్టీరింగ్ లాక్ వదిలించి, ఇంజన్ వెయ్యకుండా ఒకణ్ని కూర్చోబెట్టి స్టీరింగ్ చక్రాన్ని రెండు వేళ్లంత మేర చకచకా అటూ ఇటూ కదపమను. నువ్వు కింద నుంచి స్టీరింగ్ కీళ్లన్నిటి మీద, అంటే టై రాడ్ ఎండ్ మీద, రాక్ చివర రబ్బరు బూటు మీద, స్టీరింగ్ షాఫ్ట్ క్రాస్ మీద వరసగా చెయ్యి పెట్టు. ఠక్కుమని వేళ్లకు తగిలిందంటే నీ బెల్టుకి ఈ గొడవతో సంబంధమే లేదు. ఆగి ఉన్న ఇంజన్లో బెల్టు మోగదుగా.

ఫణి: ఈ బండిలో ఐడ్లింగ్‌లోనే వస్తోంది కదా బాబాయ్.

కొండయ్య: అందుకే ఆ పరీక్ష రెండు నిమిషాల్లో ముగించి పక్కన పెడతాం. రెండోది ఏసీ. ఏసీ వేయగానే మోత మాయమైతే కంప్రెసర్ క్లచ్ ప్లేటో, దాని బేరింగో. వేశాక పుట్టుకొస్తే కంప్రెసర్‌ని, దాని బ్రాకెట్‌ని చూడాలి. ఇక్కడ వేసినా ఆపినా మార్పు లేదు. కాబట్టి మూడోది, బెల్టు తీసి ఇంజన్ వేద్దాం.

ఫణి: అక్కడే నేను ఒప్పుకోను. ఈ ఇంజన్లో నీళ్ల పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతోంది. ఆల్టర్నేటర్ వెనక బ్రేక్ వాక్యూమ్ పంపు ఉంది. బెల్టు లేకపోతే చార్జింగ్ ఉండదు, నీళ్లు తిరగవు, బ్రేక్ పెడల్ రాయిలా బిగుస్తుంది. పనివాడు అలవాటులో బండిని వెనక్కి తీయబోయాడంటే గోడే ఆపాలి.

కొండయ్య: అందుకే బండి అంగుళం కూడా కదలకూడదు. చక్రాలకు రాళ్లు పెట్టు, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ లాగి ఉండాలి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి, ఒక్క నిమిషం దాటకూడదు. తీసేముందు బెల్టు దారి ఫోన్లో ఫొటో తీసుకో. అదే బెల్టు మళ్లీ వేసేటట్టయితే తిరిగే దిక్కుకి చాక్‌పీసుతో బాణం గీయి. టెన్షనర్‌ని పానాతో తిప్పి బెల్టు జార్చాక స్ప్రింగుని ఒక్కసారిగా వదలకు, మెల్లగా తిరిగి రానివ్వు.

ఫణి: జాగ్రత్తలు బాగానే ఉన్నాయి. నా అసలు అభ్యంతరం వేరే. ఈ మోత లోడ్ పడితే పెరిగేది. బెల్టు తీసేస్తే పంపు మీద లోడే ఉండదు. మోత ఆగిందంటే దాన్నిబట్టి నీకు తెలిసేదేంటి? పంపా, బ్రాకెట్టా, టెన్షనరా, ఐడ్లరా ఏదైనా కావచ్చు. నిమిషం పాటు చెమటోడ్చి, తెలిసిందే మళ్లీ తెలుసుకున్నట్టు.

కొండయ్య: ఆ మాట సరైనదే. బెల్టు తీస్తే దొంగ దొరకడు, ఏ వీధిలో ఉన్నాడో తెలుస్తుంది, అంతే. మోత ఆగకపోతే మాత్రం నీ సెట్టుకయ్యే వేల రూపాయలు మిగిలినట్టే. టైమింగ్ వైపో, ఫ్లైవీల్ వైపో, ఎగ్జాస్ట్ రేకో చూసుకోవాలి. ఆగితే, బెల్టు ఎటూ తీసే ఉంది కాబట్టి ఒక్కో పుల్లీని వేలితో తిప్పు. ఇదిగో ఈ ఐడ్లర్ చూడు.

ఫణి: బాగానే తిరుగుతోందిగా. ఆగకుండా తిరుగుతోంది.

కొండయ్య: ఆగకుండా తిరగడమే జబ్బు. లోపల గ్రీజు ఉంటే రెండు మూడు చుట్లకే మెత్తగా ఆగాలి. ఇది బొంగరంలా తిరుగుతూ సర్రుమంటోంది, అంటే గ్రీజు ఎండిపోయింది. ఇప్పుడు అంచు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. తెలిసిందా, సన్నగా టిక్కుమంది? అదే ప్లే, అంటే బేరింగు లూజు.

ఫణి: మరి నేను అన్నదే కదా! ఐడ్లర్ పోయింది, సెట్టు వేద్దాం.

కొండయ్య: ఐడ్లర్ పోయింది, ఐడ్లర్ వెయ్యి. ఇనుప పుల్లీ అయితే బేరింగు ఒక్కటే మార్చుకోవచ్చు. చాలా వాటికి 6203 సరిపోతుంది, లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. రెండు వైపులా రబ్బరు సీలున్నది అడుగు. ప్లాస్టిక్ పుల్లీలో బేరింగుని కలిపే పోత పోస్తారు, దాన్ని కొట్టి తీయాలని చూడకు, మొత్తం మార్చు.

ఫణి: ఆటోనగర్లో ఏ బేరింగు దొరుకుతుందో నీకు తెలియంది కాదు. పెట్టె మీద పేరొకటి, లోపల సరుకొకటి. దాని బదులు నా కంపెనీ సెట్టుకి గ్యారంటీ ఉంటుంది.

కొండయ్య: ఆ భయం నాకూ ఉంది, తీసేయలేను. కానీ ఐడ్లర్ టిక్కుమనడం ఒకటి, స్టీరింగ్ తిప్పితే మోత పెరగడం ఇంకొకటి. రెండూ ఒకటే అని ఎలా అనుకుంటున్నావు? బెల్టు వేసి, పెద్ద స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, మొన పంపు బాడీ మీద పెట్టి విను. తర్వాత బ్రాకెట్ బోల్టు మీద, తర్వాత టెన్షనర్ నడుమ బోల్టు మీద. తిరిగే దేన్నీ తాకకు, వదులు చొక్కా చేతులు మడిచెయ్యి. లోపల ఉన్నవాణ్ని స్టీరింగ్ చివరిదాకా తిప్పమను గానీ, అక్కడ అయిదు సెకన్లు మించి పట్టుకోనివ్వకు. ఆ కొసలో ప్రెషర్ 80, 100 బార్ దాకా పోతుంది, ఆయిల్ కాగిపోతుంది. అక్కడ వచ్చే స్‌స్‌మనే శబ్దం ఎక్కువైన ప్రెషర్‌ని వదిలే రిలీఫ్ వాల్వుది, దాన్ని జబ్బనుకోకు.

ఫణి: పంపు మీద గట్టిగా వినిపిస్తే పంపు మార్చడమే కదా?

కొండయ్య: నీకు మార్చడం తప్ప ఇంకో క్రియాపదం రాదా? ముందు స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడు. నురగ ఉంటే గాలి తాగుతోంది. సక్షన్ పైపు క్లిప్పో, ఓ-రింగో లూజయితే బయటికి చుక్క కారదు, లోపలికి గాలి మాత్రం పోతుంది. చాలా డబ్బాల అడుగున జల్లెడ ఉంటుంది, అది మూసుకుపోయినా పంపు ఏడుస్తుంది. ఆయిల్లో వెండి పొడిలా మెరుపు కనిపిస్తే అప్పుడు నీ మాటే నిజం, పంపు పోయింది. అప్పుడైనా లైన్లు కడగకుండా కొత్త పంపు పెడితే ఆ పొడే దాన్నీ తినేస్తుంది.

ఫణి: గాలి తీయడం మావాళ్లకు వచ్చు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై సార్లు తిప్పి, ఆయిల్ నింపి, ఆ తర్వాతే ఇంజన్.

కొండయ్య: ఆయిల్ ఏదో మూత మీద చూసి పొయ్యమను. డెక్స్‌రాన్ రకం ఆయిల్ తాగే బండ్లున్నాయి, అది పోస్తే సీళ్లు పాడయ్యే బండ్లూ ఉన్నాయి. అన్నట్టు, ప్రెషర్ పైపు ఛాసిస్‌కి తగులుతోందేమో కూడా చూడు. క్లిప్పు రబ్బరు ఊడిపోతే ఆ పైపే గలగలమని ఒళ్లంతా మోగిస్తుంది. ముప్పై రూపాయల రబ్బరు.

ఫణి: కొత్త బండ్లే నయం. కరెంటు స్టీరింగు, పంపూ లేదు, బెల్టూ లేదు.

కొండయ్య: దానికీ రోగం ఉంది. కాలమ్ మీద మోటారున్న వాటిల్లో మోటారుకీ గేరుకీ మధ్య చిన్న రబ్బరు కప్లింగ్ ఉండే రకాలున్నాయి, అది పొడయితే ఠక్ ఠక్. సర్లే, ఆ సంగతి ఇంకో బండికి. ఇక్కడ ఇంకోటి మిగిలింది. ఇంజన్‌తో పాటే తిరుగుతూ బెల్టుని తిప్పే క్రాంక్ పుల్లీ నీ సెట్టులో ఉందా?

ఫణి: లేదు. అది వేరే పార్టు, ఖరీదు కూడా.

కొండయ్య: దాని నడిబొడ్డుకీ బయటి చుట్టుకీ మధ్య రబ్బరు ఉంది. అది విడిపోతే చుట్టు జారుతూ ఊగుతుంది, స్టీరింగ్ లోడ్ పడితే ఇంకా ఎక్కువ. తెల్ల పెయింటుతో నడిబొడ్డు నుంచి రబ్బరు మీదుగా అంచుదాకా ఒకే గీత గీయి. బెల్టు వేసి, నాలుగైదు సార్లు స్టీరింగ్ కొస దాకా తిప్పించి, ఇంజన్ ఆపి చూడు. గీత రెండు ముక్కలైతే రబ్బరు వదిలేసింది.

ఫణి: గీత కదలకపోతే సెట్టే కదా?

కొండయ్య: కదలకపోతే ఐడ్లర్. బ్రాకెట్ బోల్టులు కూడా పానా వేసి చూడు.

ఫణి: బెల్టు మాత్రం కొత్తదే వేస్తాను బాబాయ్. బీటలు లేవని వదిలేయడానికి లేదు. ఇప్పటి ఈపీడీఎమ్ రబ్బరు త్వరగా బీటలివ్వదు, టైరులా గాడి అరుగుతుంది.

కొండయ్య: వెయ్యి, అది నేనూ కాదనను. పాతదాని వీపు మీద 6పీకే అని, అంటే ఆరు గాళ్ల బెల్టని, పక్కన పొడుగు అంకె ఉంటుంది. సగం చెరిగిపోయింది, గుడ్డతో తుడిచి ఇప్పుడే రాసుకో.