ఆ చిన్నదాన్ని వదిలేశావు బాబూ

బైబిలు కాలేజీలో మూడో ఏడు చదువుతున్న మేనల్లుడు ఆదివారం ఆరాధనలో, కుష్ఠు పోగొట్టుకోవడానికి ప్రవక్త ఎలీషా దగ్గరికి వెళ్ళిన సిరియా సేనాపతి నయమాను మీద నలభై నిమిషాలు వాక్యం చెప్పాడు. అంశం వినయం. కూటం అయ్యాక గుమ్మం దగ్గర చదువు రాని ఒక ముసలామె అతని చెయ్యి పట్టుకుని, "ఆ చిన్నదాన్ని వదిలేశావు బాబూ" అంది. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. మధ్యాహ్నం అత్తయ్య మిషను ముందు కూర్చుని క్వయిరు పిల్లల గౌన్లు కుడుతుంటే వాదన మొదలైంది.

మేనల్లుడు: రాత్రంతా కూర్చుని సిద్ధపడ్డాను అత్తా. హెబ్రీ మాటలు కూడా చూశాను. నలుగురి ముందు అలా అంటే తల ఊపి ఊరుకోవాలా?

అత్తయ్య: "వినయముగలవారియొద్ద జ్ఞానమున్నది" అని సామెతల గ్రంథంలోది పొద్దున చదివింది నువ్వే కదరా.

మేనల్లుడు: చదివాను. కానీ ఆ మాట మన సంఘాల్లో ఎప్పుడు వినబడుతుందో చూడు. కానుకల లెక్క అడిగితే "తగ్గించుకో బ్రదర్" అంటారు. ప్రశ్న వేస్తే దైవజనుణ్ణి ఎదిరిస్తున్నావంటారు. బెరయ ఊరివాళ్ళు అపొస్తలుడైన పౌలు చెప్పిందాన్ని కూడా ప్రతి రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు. వాళ్ళను ఘనులన్నారే గాని గర్విష్ఠులనలేదు.

(ఇక్కడ నేను అతని పక్షమే. లెక్క అడిగినందుకు కన్నీళ్ళతో సంఘం వదిలిపోయిన మనుషులను చూశాను.)

అత్తయ్య మిషను ఆపింది.

అత్తయ్య: అది నిజం. మోషేను భూమ్మీద అందరికంటే సాత్వికుడని సంఖ్యాకాండంలో రాశారు. ఆయనే ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడి, బానిసలుగా ఉన్న తన జనాన్ని పోనియ్యమన్నాడు. ఆయనే మామ యిత్రో "నువ్వు చేసే పని మంచిది కాదు, నలిగిపోతావు" అనగానే తీర్పులు తీర్చే పద్ధతి మార్చుకున్నాడు. నోరు మూసుకుని ఉండడమే వినయమైతే ఫరో దగ్గరికి వెళ్ళేవాడే కాదు.

మేనల్లుడు: మరి నన్నెందుకు తగ్గమంటావు?

అత్తయ్య: మైకు నీ చేతిలో ఉంది గనక. అపొల్లో సంగతి చూడు. అలెక్సంద్రియవాడు, విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. ఎఫెసులో యూదుల సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు, తెలిసింది మాత్రం యేసుకు ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం వరకే. ప్రిస్కిల్ల, అకుల విన్నారు. డేరాలు కుట్టుకునేవాళ్ళు, నాలాగే సూది పోట్లు పడ్డ చేతులు. అతన్ని చేర్చుకుని దేవుని మార్గం మరి పూర్తిగా చెప్పారు. అక్కడ ఆడమనిషి పేరే ముందుంది, చూసుకో. అంతటి విద్వాంసుడు వాళ్ళ మాట విన్నాడు.

మేనల్లుడు: వాళ్ళ సంగతి వేరు. పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు, వాళ్ళ ఇంట్లో ఉండే పని చేసుకున్నాడు. పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఈమెకు అక్షరం రాదే!

అత్తయ్య: నయమానుకు బుద్ధి చెప్పినవాళ్ళకు వచ్చా? ప్రవక్త యొర్దానులో మునగమంటే, మా దేశపు అబానా, ఫర్పరు నదులు మేలు కావా అని కోపంతో తిరిగిపోతుంటే ఆపింది పనివాళ్ళు. అసలు ప్రవక్త సంగతి ఎత్తింది చెరపట్టి తెచ్చిన పిల్ల. 27 వచనాల అధ్యాయంలో దానికి రెండు వచనాలు. నలభై నిమిషాల్లో నీకు ఆ రెండూ కనబడలేదు.

మేనల్లుడు: ...టైము చాలక వదిలేశాను.

అత్తయ్య: ఆ ముసలామెను తొమ్మిదో ఏట ఒకరింట్లో పనికి పెట్టారు. పెళ్ళయ్యేదాకా అక్కడే అంట్లు తోమింది. ఆ రెండు వచనాలు ఆమెకు నోటికొచ్చు. ఇల్లు వాకిలి పోగొట్టుకున్న పిల్ల, తనను చెరపట్టిన సేనాపతి చావాలని కదా కోరుకోవాలి? ప్రవక్త దగ్గరికి వెళ్తే బాగవుతాడని ఎందుకంది? నీ పుస్తకాల్లో ఉంటే చెప్పు.

మేనల్లుడు బైబిలు తీసి రెండో రాజుల గ్రంథం అయిదో అధ్యాయం తెరిచాడు. మూడో వచనం మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. గౌను అంచు పూర్తయింది, అత్తయ్య పంటితో దారం తెంపింది.

మేనల్లుడు: ఆమె ఇల్లెక్కడ అత్తా?

అత్తయ్య: చెరువు గట్టు మీద, వేపచెట్టు పక్కన. ఎండ తగ్గాక వెళ్ళు. పక్కింటినుంచి కుర్చీ తెప్పించబోతుంది, వద్దని చాప మీదే కూర్చో.

మేనల్లుడు: నోట్సు పుస్తకం పట్టుకెళ్ళనా?

అత్తయ్య: పట్టుకెళ్ళు.